అంగుళం ఇచ్చిన బంతి

"నీలం రంగు టబ్ ఉందా?"

కౌంటర్ దగ్గరున్న మనిషి తలెత్తలేదు. "నీలం రావడం మానేసిందండీ. బూడిద రంగుది పైన ఉంది, చూస్తారా?"

ఏజెంట్ మెట్లెక్కాడు. కింది అంతస్తులో కుళాయిలు, షవర్లు, వాష్‌బేసిన్లు అమ్ముతారు. పై అంతస్తులో దేశ రహస్యాలు కాపాడతారు. ఎక్కడా లీకు ఉండకూడదన్న సూత్రం రెండు అంతస్తులకీ ఒకటే.

చీఫ్ అమ్ముడుపోని వాష్‌బేసిన్ పక్కన బల్ల వేసుకుని కూర్చున్నాడు. బేసిన్ నిండా పెన్నులు.

"శుక్రవారం నువ్వు సముద్రం ఒడ్డున రిసార్ట్‌కి వెళ్తున్నావు."

"సెలవు మీద సర్. ఏటా వెళ్లేదే. ముగ్గురు స్నేహితులతో గోల్ఫ్."

"సెలవు రద్దు. ప్రయాణం మాత్రం రద్దు కాలేదు."

ఏజెంట్ కూర్చున్నాడు. ఏడాదిలో ఆ మూడు రోజులే అతను ఎవరినీ గమనించడు, ఎవరి జేబువైపూ చూడడు. లోపల ఎప్పుడూ బిగుసుకుని ఉండే పిడికిలి ఒకటి ఆ మూడు రోజులే కాస్త విచ్చుకుంటుంది. ఇప్పుడది మళ్లీ బిగుసుకుంది.

"మన రేవు ముందు సముద్రం అడుగున మైక్రోఫోన్లు పెట్టాం," అన్నాడు చీఫ్. "పైన చేపల పడవ పోయినా, కింద జలాంతర్గామి పోయినా వినిపిస్తుంది. అవి ఎక్కడెక్కడున్నాయో చూపించే మ్యాప్ కాపీ అయింది. గోరంత చిప్‌లో ఉంది. అది విదేశీ ముఠా చేతికి చిక్కిందనుకో, వాటి మధ్యలోంచి చప్పుడు కాకుండా దారి వెతుక్కుంటారు. వచ్చే వారం మన జలాంతర్గామి ఒకటి ఆ రేవులోంచి బయల్దేరుతోంది. దాని వెనకాలే వీళ్లు పడతారు. లోపలున్న కుర్రాళ్లకి చచ్చేదాకా తెలీదు."

"నాకేం సంబంధం సర్?"

"ముఠా వైర్‌లెస్‌లో ఒక మాట పట్టుకున్నాం. 'బంతి రిసార్ట్‌లో అందుతుంది. నలుగురి జట్టులో మన మనిషి ఉన్నాడు.' ఆ తేదీల్లో అక్కడ నలుగురి జట్టు మీదొక్కటే."

ఏజెంట్ కుర్చీ ముందుకి జరిపాడు. "మా బావ ఆ రేవు ఆఫీసులోనే ఇంజనీరు."

"తెలుసు. ముందు ఆయన్నే జల్లెడ పట్టాం. ఏమీ దొరకలేదు. మీ జట్టులో పళ్ల డాక్టరు అక్కడి ఆఫీసర్లందరి నోళ్లూ తెరిపిస్తాడు. మీ లాయరు ఆ ఆఫీసు స్థలం కేసు వాదిస్తున్నాడు. ముగ్గురికీ దారుంది. వాళ్లలో ఎవరో నీకు 'తెరచాప' చెప్తుంది. ముఠాలో ఉన్న మన మనిషి. ఇద్దరి దగ్గరా పనిచేస్తుంది. మనవైపే ఎక్కువ మొగ్గుతుందని మన నమ్మకం."

"ఎంత ఎక్కువ?"

చీఫ్ పక్కకి సైగ చేశాడు. పక్కనే ఖాళీ టబ్‌లో వైర్ల మధ్య కాళ్లు చాపుకుని కూర్చున్న టెక్నీషియన్ లేచి ఒక ఎలక్ట్రిక్ షేవర్, ఒక గోల్ఫ్ బంతి ఇచ్చాడు.

"షేవర్ మీటని వెనక్కి లాగితే రేడియో. బంతిలో ట్రాన్స్‌మిటర్ ఉంది. ఎవరి జేబులో పడితే వాడు ఎక్కడికి పోయాడో మాకు తెలుస్తుంది. దొర్లించు, అంతే. గట్టిగా కొడితే లోపలి సామాను ముక్కలైపోతుంది."

"చిప్ పెట్టిన బంతికి కూడా ఇదే గతేనా?"

"ఏ బంతికైనా అంతే."

"రిసార్ట్ బయట లాండ్రీ వ్యాన్‌లో మనవాళ్లుంటారు," అన్నాడు చీఫ్. "ఇచ్చేవాణ్ని పట్టుకోవాలి, పుచ్చుకునేవాళ్ల వెనక ముఠా దాకా పోవాలి. ఇచ్చేవాడు పారిపోతే కాల్చమని చెప్పాను. నీకేమన్నా ఇబ్బందా?"

"లేదు సర్," అన్నాడు ఏజెంట్. ఆ మాట అనడానికే కదా అతనికి శిక్షణ ఇచ్చింది.

*

ముగ్గురూ అతన్ని ఓడల ఇన్సూరెన్స్ సర్వేయర్ అనుకుంటారు. వాళ్లు పెట్టిన పేరు మాత్రం 'అంగుళం'.

దానికో కారణం ఉంది. గోల్ఫ్‌లో బంతి గుంటకి మరీ దగ్గరగా ఆగితే, "ఇక కొట్టక్కర్లేదు, పడినట్టే" అని ఎదుటి ఆటగాడు ఒప్పుకోవచ్చు. ఈ నలుగురూ దానికి "ఇచ్చేశాం" అంటారు. ఆ మాట అన్నవాడే వంగి బంతి తీసి ఎదుటివాడికి అందించాలి. ఇచ్చాక వద్దనడానికి లేదు. ఈ నియమాలన్నీ లాయర్ రాసిపెట్టినంత పనిచేశాడు. పన్నెండేళ్లుగా ఏజెంట్ ఎవరికీ ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. అంగుళం దూరంలో ఉన్నా సరే, కొట్టి తీరాల్సిందే.

"ఇచ్చెయ్యరా బామ్మర్దీ, సముద్రం ఎండిపోతుందా?" అని బావ ప్రతి గ్రీన్ మీదా, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, బతిమాలేవాడు. ఉప్పు అడిగినా, కారులో ముందు సీటు అడిగినా అదే మాట. సముద్రాన్ని వినడమే పనిగా ఉన్న మనిషి నోటికి అదే అలవాటైపోయింది. అక్కకి భర్త కాబట్టి ఏజెంట్‌కి బావ. చిన్నప్పటి స్నేహితులైన డాక్టర్‌కీ లాయర్‌కీ కూడా చివరికి అతను బావే అయ్యాడు.

ఇంకో ఆచారం ఉంది. మూడో రోజు పద్దెనిమిదో హోల్‌లో, అంటే ఆఖరి గుంటలో, అందరికంటే ఆఖర్న పడిన బంతిని తియ్యరు. గుంటలోనే వదిలేసి వెళ్లిపోతారు. వెనక ఆడుతూ వచ్చేవాళ్లకి దొరుకుతుంది. మొదటి ఏడాది బావ మర్చిపోయి వదిలేశాడనీ, పరువు కాపాడుకోవడానికి దాన్ని ఆచారం చేశాడనీ లాయర్ వాదన.

శుక్రవారం రిసార్ట్‌లో గాలి ఎక్కువగా ఉంది. జెండా తాడు ఇనప స్తంభానికి కొట్టుకుంటూ టక్కుటక్కుమంటోంది. ఏజెంట్ గదిలో బాల్కనీ తలుపు పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి గాలి ఈల వేస్తోంది. తువ్వాలు మడిచి దోపాడు. ఈల సన్నబడింది గానీ ఆగలేదు. తువ్వాలు తీసి దుప్పటి దోపాడు. కూర్చున్నాడు, లేచాడు. పక్కగదిలో ఎవరో దగ్గారు. ఆ దగ్గు డాక్టర్‌దా లాయర్‌దా అని ఆలోచిస్తున్నానని గ్రహించి తనమీద తనకే చిరాకేసింది.

సాయంత్రం టెర్రస్ మీద ఆమె కనిపించింది. మెడలో కెమెరా, తెల్లటి టోపీ, గాలికి ఎగిరే పచ్చని స్కార్ఫ్. హాలిడే పత్రిక ఫొటోగ్రాఫర్‌నని రిసెప్షన్‌లో రాసిందట. వెయిటర్లు ఒక్క కాఫీకి ముగ్గురు వచ్చారు.

"ఈ గాలికి ఏ కర్ర వాడతారు?" అంది.

"గాలి ఆగాక చెప్తాను."

"ఆగదు లెండి." కోడ్ కలిసింది. కెమెరా లెన్స్ తుడుస్తూ గొంతు తగ్గించింది. "డాక్టర్. ఆదివారం సాయంత్రం, ఆటంతా అయ్యాక, బార్‌లో. బంతి బల్ల మీద పెట్టి మర్చిపోయినట్టు లేస్తాడు."

"ఖచ్చితంగా?"

"చెప్తున్నాను కదా."

"ఎవరు తీసుకుంటారు?"

ఆమె నవ్వింది. "అన్నీ ఇవాళే చెప్పెయ్యాలా? రెండ్రోజులు ఆగితే సముద్రం ఎండిపోతుందా?" అంటూ లేచింది. "నేనూ ఆడతాను. మీ వెనకాలే ఉంటాను, ఫొటోలు తీసుకుంటూ."

ఏజెంట్ ఆ మాట విన్నాడు, కానీ పట్టించుకోలేదు. 'డాక్టర్' అన్న పేరు చెవిలో పడగానే గుండె తేలికైపోయింది. బావ కాదు. అక్క ఇల్లు నిలబడింది. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు దేశద్రోహి అని తెలిసినప్పుడు కలగాల్సిన బాధ ఆ క్షణంలో అతనికి కలగలేదు. ఆ తేలికదనం గుర్తొచ్చి తర్వాత చాలాకాలం సిగ్గుపడ్డాడు.

*

శనివారం ఆటలో ఏజెంట్‌కి ప్రత్యర్థి డాక్టర్. బావకి లాయర్.

ఏజెంట్ డాక్టర్ మీదనుంచి కళ్లు తియ్యలేదు. బంతులు కలిసిపోకుండా డాక్టర్ తన బంతి మీద పన్ను బొమ్మ వేస్తాడు. లాయర్ రెండు గీతలు గీస్తాడు. బావ అక్షరం లేని తలకట్టు పెడతాడు. ఎడమచేత్తో రాస్తాడు కాబట్టి దాని తోక పొడుగ్గా సాగుతుంది. డాక్టర్ వంగినా, సంచి తెరిచినా, చెమట తుడుచుకున్నా ఏజెంట్ చూశాడు.

"ఏంట్రా అంగుళం, పొద్దున్నుంచీ నన్ను పెళ్లిచూపుల్లో పిల్లని చూసినట్టు చూస్తున్నావు?"

"నీ స్వింగ్ బావుంది."

"అబద్ధం. నా స్వింగ్ బావుందని మా అమ్మ కూడా అనదు."

తొమ్మిదో హోల్ తర్వాత కాఫీకి ఆగారు. ఏజెంట్ ఏదో మర్చిపోయానని చెప్పి డాక్టర్ గదికి వెళ్లాడు. తాళం అతని చేతికి ఎదురు చెప్పలేదు. సూట్‌కేస్ అడుగున బట్టల్లో చుట్టిన డబ్బా దొరికింది. లోపల చిన్న బ్రష్, నల్లటి సీసా. జుట్టు రంగు. యాభైకి దగ్గరపడుతున్నా ఒక్క తెల్ల వెంట్రుక లేదని ఏటా గొప్పలు పోయే మనిషి. ఏజెంట్ డబ్బా ఎక్కడిది అక్కడ పెట్టాడు. ఒక మనిషి రహస్యం ఇంత చిన్నదిగా ఉండటం అతనికి అలవాటు లేదు. ఏదో బూతు పని చేసినట్టు అనిపించింది.

తిరిగి వచ్చేసరికి పదో గ్రీన్ మీద గొడవ.

"నేను ఇచ్చేశాను," అంటున్నాడు లాయర్. బావ బంతి గుంటకి జానెడు దూరంలో ఉంది. "తీసుకో."

"వద్దు. కొడతాను."

"ఏంటి, వద్దా? బావా, ఒంట్లో బాగుందా? పన్నెండేళ్లు అడుక్కున్నావు, ఇస్తే వద్దంటావా? ఇచ్చాక కాదనే హక్కు నీకు లేదు. నియమం."

"నీ నియమాలు కోర్టులో చూసుకో. అది గుంటలో పడ్డ చప్పుడు వింటే గానీ నాకు తృప్తిగా ఉండదు ఈసారి."

బావ నవ్వుతూనే అన్నాడు. కానీ పటర్, అంటే బంతిని గుంటలోకి దొర్లించే కర్ర, కింద పెట్టలేదు. లాయర్ బంతి తీసి అతని చేతిలో పెట్టాక కూడా గుంటవైపే చూస్తూ నిలబడ్డాడు.

మిగిలిన హోల్స్‌లో ఏజెంట్ డాక్టర్ని చూడటం మర్చిపోయాడు. బావ ప్రతి గ్రీన్ మీదా చిన్న దెబ్బల్ని పరీక్ష రాసేవాడిలా కొడుతున్నాడు. పట్టుదల కాదది. రిహార్సల్. ఒక్కసారి కూడా "ఇచ్చెయ్యరా" అనలేదు. "సముద్రం ఎండిపోతుందా" అనలేదు.

ఆ మాట మరి ఈమధ్య ఎక్కడ విన్నాడు?

ఏజెంట్ ఫెయిర్‌వే గడ్డిదారి మధ్యలో ఆగిపోయాడు. వెనక దూరంగా పచ్చటి స్కార్ఫ్ గాలికి ఎగురుతోంది.

మనుషులు ఎక్కువకాలం కలిసి కూర్చుంటే ఒకరి మాట ఒకరికి అంటుకుంటుంది. దొంగిలించినట్టు వాళ్లకే తెలియదు. ఆమె బావ పక్కన కూర్చుంది. ఒక సాయంత్రం కాదు, చాలా సాయంత్రాలు. డాక్టర్ పేరు, బార్ కథ అన్నీ అతని చూపు పక్కకి తిప్పడానికే. బంతి బార్‌లో చేతులు మారదు. రేపు పద్దెనిమిదో గుంటలో బావ ఆఖరి బంతి వేస్తాడు. ఆచారం ప్రకారం వదిలేస్తాడు. వెనక ఆడుతూ వచ్చే మనిషి తీసుకుంటుంది. ఒకరికొకరు ఎదురుపడక్కర్లేదు కూడా.

బావ ఆ పథకం మొత్తం ఒకే ఒక్క నమ్మకం మీద కట్టుకున్నాడు. రేపు అతనికి ప్రత్యర్థి తన బామ్మర్ది. బామ్మర్ది ఎవరికీ ఏదీ ఇవ్వడు.

గదికి వెళ్లి ఏజెంట్ షేవర్ మీట వెనక్కి లాగాడు. తలుపు సందులో గాలి ఈల వేస్తూనే ఉంది.

"చెప్పు," అంది చీఫ్ గొంతు.

"తెరచాప మొగ్గు అటువైపే సర్. పుచ్చుకునేది ఆమే. ఆమెని వదలొద్దు."

"ఇచ్చేది?"

అద్దంలో తన ముఖం కనిపించింది. సగం గడ్డం గీసుకున్నట్టు చేత్తో షేవర్ పట్టుకుని ఉన్నాడు.

"ఇంకా తెలీలేదు," అన్నాడు.

పదహారేళ్ల ఉద్యోగంలో చీఫ్‌కి చెప్పిన మొదటి అబద్ధం. చెప్పాక చేతులు ఖాళీగా ఉండలేక, టెక్నీషియన్ ఇచ్చిన బంతి తీసి, ఎడమచేత్తో పెన్ను పట్టుకుని, దాని మీద తోక పొడుగున్న తలకట్టు పెట్టాడు. ఇతరుల సంతకాలు పెట్టడం అతను నేర్చుకున్న విద్యల్లో తేలికైంది. ఇది మాత్రం మూడుసార్లు చెరిపి రాయాల్సి వచ్చింది.

*

ఆదివారం కాఫీ దగ్గర బావ ఒక్కడే ఉన్నాడు. చెంచాతో కప్పులో తిప్పుతూనే ఉన్నాడు, పంచదార ఎప్పుడో కరిగిపోయింది.

"బావా, ఆఫీసులో పనెలా ఉంది?" అన్నాడు ఏజెంట్.

బావ తలెత్తాడు. "ఏంట్రా, కొత్తగా అడుగుతున్నావు?"

"ఊరికే."

"ఊరికే అడిగేవాడివి కాదే నువ్వు." బావ చెంచా సాసర్‌లో పెట్టాడు. మళ్లీ తీశాడు. "నిజంగా చెప్పమంటావా?"

"చెప్పు."

బావ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే డాక్టర్ వెనకనుంచి వచ్చి అతని భుజం మీద గుద్దాడు. "రండి రండి! ఇవాళ అంగుళం చేతిలో బావగారి బలి. చూసి తరించాలి."

బావ నోరు మూసుకుని నవ్వాడు.

*

పద్దెనిమిదో గ్రీన్ సముద్రానికి ఆనుకుని ఉంది. గాలి జెండాని విరగ్గొట్టేలా లాగుతోంది. డాక్టర్, లాయర్ గుంటలోని జెండా తీసి పక్కన పెట్టి, తమ బంతులు అందులో వేసి, బయటకి తీసుకుని, పోట్లాడుకుంటూ అంచున నిలబడ్డారు.

బావ బంతి గుంటకి జానెడు దూరంలో ఆగింది. అతను వంగి, చోటు గుర్తుకి నాణెం పెట్టి, బంతి తుడిచే నెపంతో చెయ్యి జేబులో పెట్టాడు. బయటికి వచ్చిన చేతిలో బంతి ఉంది, తలకట్టు ఉంది. కానీ అది కొత్త బంతి. ఇంతసేపూ దెబ్బలు తిన్న బంతి మీద గీతలుండాలి. దీనిమీద లేవు. అందరూ చేసే పనే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఏజెంట్ కూడా రెండు బారల దూరంలో తన నాణెం పెట్టాడు. తన బంతి తుడిచాడు. అతని చేతిలోనూ బంతి మారింది, నిన్న తలకట్టు పెట్టిన ట్రాన్స్‌మిటర్ బంతి వచ్చింది.

గుంటకి దూరంగా ఉన్నవాడు ముందు ఆడాలి. అంటే ఏజెంట్. బావది ఆఖరి బంతి. వెనక ఫెయిర్‌వేలో ఆమె కెమెరా కంటికి ఆనించి నిలబడింది. కార్ల దగ్గర లాండ్రీ వ్యాన్ వెనక తలుపు ఓరగా తెరుచుకుని ఉంది. ఆ బంతి గుంటలో పడి ఆమె చేతికి చేరిందంటే, బావ ఇచ్చినట్టే. ఇక అతన్ని ఎవరూ వెనక్కి తేలేరు.

ఏజెంట్ పటర్ చేత్తో పట్టుకుని బంతి దగ్గరికి వెళ్లలేదు. గుంట దగ్గరికి నడిచాడు.

"ఇచ్చేశాం బావా," అన్నాడు.

డాక్టర్, లాయర్ పోట్లాట మానేసి ఇటు తిరిగారు.

"ఏమన్నాడు?" అన్నాడు లాయర్.

"ఇచ్చేశాడు!" డాక్టర్ గొంతు కీచుమంది. "అంగుళం ఇచ్చేశాడు! ఒరేయ్, ఎవరైనా ఫొటో తియ్యండ్రా!"

బావ ముఖంలో రంగు పోయింది. "వద్దు. నేను కొడతాను."

"ఇచ్చాక వద్దనడానికి లేదు," అన్నారు డాక్టర్, లాయర్ ఒకే గొంతుతో.

ఏజెంట్ వంగి బంతి తీశాడు. వేళ్లకి సన్నటి అతుకు తగిలింది. ఆచారం ప్రకారం దాన్ని బావ చేతిలో పెట్టాలి. పెట్టలేదు. జేబులో వేసుకున్నాడు. బావ ఆ జేబునీ, ఏజెంట్ కళ్లనీ మార్చి మార్చి చూశాడు. అడగడానికేమీ మిగల్లేదని అతనికి అర్థమైంది.

ఏజెంట్ తన చోటికి వచ్చి బంతిని దొర్లించాడు. లోపలి సామాను చెదరకూడదని మరీ మెల్లగా కొట్టాడు. బంతి నేరుగా వెళ్లి, వేగం చచ్చి, గుంట అంచుకి అంగుళం ఇవతల ఆగిపోయింది. మీద తలకట్టు ఆకాశంవైపు చూస్తోంది.

డాక్టర్ కడుపు పట్టుకుని నవ్వాడు. "సరిగ్గా అంగుళం! కొలిచినట్టు! బావా, నువ్వూ ఇచ్చెయ్. బాకీ తీరిపోతుంది."

ఏజెంట్ కదల్లేదు. ఈ అవకాశం అతని లెక్కలో లేదు. బావ ఆ ఒక్క మాటంటే చాలు. బంతి తియ్యాలి. గుంట ఖాళీగా ఉంటుంది. ఆమెకి ఏదో తేడా జరిగిందని తెలిసిపోతుంది. ముఠా సాయంత్రానికి చెల్లాచెదురవుతుంది. బావ పేరు చెప్పడానికి ఎవరూ మిగలరు. ఆ మాట అనకపోతే ఆమె బంతి పట్టుకుపోతుంది, ముఠా దొరుకుతుంది, దొరికినవాళ్లు మొదట చెప్పేది బావ పేరే.

బావ బంతి దగ్గరికి వచ్చి వంగి చూశాడు. తన తలకట్టు. తను పెట్టనిది. ఎడమవైపు సాగిన తోకని చాలాసేపు చూశాడు. తర్వాత తలతిప్పి ఫెయిర్‌వేలో కెమెరా వైపు చూశాడు. అక్కణ్నుంచి సముద్రం వైపు. అతని పెదవులు కదిలాయి.

"కొట్టరా," అన్నాడు బావ. "నాకు చప్పుడు వినాలి."

ఏజెంట్ కొట్టాడు. బంతి గుంటలో పడింది. ఖాళీ డబ్బాలో గులకరాయి వేసినట్టు చిన్న చప్పుడు.

బావ కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత తనే జెండా తీసుకొచ్చి గుంటలో నిలబెట్టాడు.

*

డాక్టర్, లాయర్ ముందు నడుస్తున్నారు. వెనక ఇద్దరూ.

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు సముద్రం ఎండిపోతుందా అనడం మానేసినప్పుడు. ఆవిడ అనడం మొదలుపెట్టినప్పుడు."

బావ వెనక్కి తిరిగి గ్రీన్ వైపు చూశాడు. "నా మాట అక్కడ ఉండిపోయిందా," అన్నాడు. "అడిగేదిరా. ఇవాళ ఏం విన్నావు, తిమింగలం ఎలా పాడుతుంది, దూరంగా పోయే ఓడని ఎలా గుర్తుపడతావు అని. పొద్దంతా చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇంటికొస్తే ఎవరూ ఏమీ అడగరు. మీ అక్క అడగదు, రహస్యం కదా అని భయం. నువ్వూ అడగలేదు."

"నేను అడగకూడదు బావా. నా ఉద్యోగం..."

"తెలుసు. ఏ ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్ అడుగు చప్పుడు లేకుండా నడుస్తాడు? వినడమేగా నా పని. ఎప్పుడో తెలుసు."

"తెలిసీ నా ముందే?"

"నీకు తెలియాలనే ఉందేమో." బావ తల విదిలించాడు. "ఏమో. నాకే సరిగ్గా తెలీదు."

కార్ల దగ్గరికి వచ్చారు. ఏజెంట్ చెయ్యి పట్టుకోబోయాడు. బావ ఆ చేతిని మెల్లగా పక్కకి తోసి, లాండ్రీ వ్యాన్ దగ్గరికి తనే నడిచి, ఓరగా ఉన్న తలుపు తట్టి, లోపలికెక్కి కూర్చున్నాడు. లోపలున్నవాళ్లకి పిస్తోలు తియ్యాలో మంచినీళ్లు ఇవ్వాలో అర్థం కాలేదట.

"బావేడి?" అన్నాడు లాయర్ డిక్కీలో సంచులు సర్దుతూ.

"ఆఫీసునుంచి పిలుపొచ్చింది."

"ఆదివారం పూటా? దిక్కుమాలిన ఉద్యోగం. పోనీలే, నువ్వు ఇచ్చావన్న సంతోషంలో పని చేసుకుంటాడు."

సాయంత్రం షేవర్ గరగరలాడింది. ముఠావాళ్లు ముగ్గురు ఒక అద్దె ఇంట్లో బంతిని సుత్తితో పగలగొడుతూ దొరికారు. తెరచాపని పట్టుకుంటే, తను మొదటినుంచీ మనవైపేననీ, బంతి ఇచ్చి వాళ్లని పట్టించింది తనేననీ వాదించి, జీతం పెంచమంది. చిప్ భద్రం. జలాంతర్గామి అనుకున్నరోజే బయల్దేరుతుంది.

"మీ బావ అన్నీ చెప్పేశాడు," అన్నాడు చీఫ్. "ఆయన్ని ఇంటికి ఎప్పుడు పంపుతామో ఇప్పుడే చెప్పలేను. కానీ పంపుతాం. బంతి నీ జేబులోకి వచ్చింది గానీ ఆమె చేతికి పోలేదు. మన బంతిని ఆయన గుంటలో పడనిచ్చాడు కూడా. అది రాసుకున్నాను." ఆగాడు. "శనివారం సాయంత్రం నీకు 'ఇంకా తెలీలేదు' కదూ?"

"తెలీలేదు సర్."

"సరే. లీకులెక్కడున్నాయో నాకు తెలుసులే." షేవర్ ఆగిపోయింది.

తలుపు సందులో గాలి ఈల వేస్తోంది. ఈసారి ఏజెంట్ ఏమీ దొయ్యలేదు. ఫోన్ మోగింది. అక్క.

"మీ బావ ఫోన్ ఎత్తడం లేదేంట్రా?"

"ఆఫీసు పని మీద వెళ్లాడక్కా. కొన్నాళ్లు పడుతుంది. రేపు ఇంటికొచ్చి అన్నీ చెప్తాను."

అక్క రహస్యాల ఇంట్లో కాపురం చేసిన మనిషి. ఎక్కడ ఆగాలో తెలుసు.

"ఆటలో ఓడిపోయాడా మళ్లీ?"

"లేదు. ఆఖరి బంతి నేనే ఇచ్చేశాను."

"నువ్వా? నువ్వు ఇచ్చావా?" అక్క గొంతులో మొదటిసారి నిజమైన భయం వినిపించింది. "ఒరేయ్, ఏం జరిగిందో నిజం చెప్పు!"

ఏజెంట్ బాల్కనీ అవతల నీళ్లవైపు చూశాడు.

"ఒక్కసారి ఇస్తే సముద్రం ఎండిపోతుందా అక్కా?" అన్నాడు.